యూకేలో మీ పిన్ కాపాడుకోవడం ఎలా: పొరపాటు జరిగిన పూట నుంచి ఎన్‌ఎంసీ తీర్పు దాకా

యూకేలో పనిచేస్తున్న మన నర్సుల నోట ఎప్పుడూ వినిపించే భయం "పిన్ పోతుందేమో" అన్నది. పిన్ అంటే ఇక్కడ నర్సుగా పనిచేయడానికి ఉండాల్సిన రిజిస్ట్రేషన్ నంబరు. మందు పావుగంట ఆలస్యమైనా అదే మాట, పేషెంట్ కూతురు గొంతు పెంచినా అదే మాట. నిజానికి చాలామందిని చిక్కుల్లో పడేసేది ఆ భయంలో చేసే పనులే. జరిగినదాన్ని చెప్పకుండా ఉండటం, ఛార్టును తర్వాత సర్దడం, కళ్లతో చూడనిదానికి సాక్షిగా సంతకం పెట్టడం. ఆ రిజిస్టర్ నడిపే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అంటే ఎన్‌ఎంసీ, పొరపాటును ఒక రకంగా చూస్తుంది, ఆ పొరపాటు గురించి చెప్పిన అబద్ధాన్ని వేరే రకంగా చూస్తుంది. ఈ తేడా మనసుకి పట్టించుకుంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

కొత్తగా బ్యాండ్ 5లో (కొత్త నర్సుల జీతం స్థాయి) చేరినవాళ్లు, కేర్ హోమ్‌లో రాత్రంతా ఒక్కరే నర్సుగా ఉండేవాళ్లు, ఇండియా నుంచి రావడానికి సిద్ధమవుతున్నవాళ్లు ఇది చదివి పక్కన పెట్టుకోండి. మీ మీద ఇప్పటికే ఉత్తరం వచ్చి ఉంటే నేరుగా చివరి భాగాలకు వెళ్లండి.

ముందు కోడ్ చదవండి

ఎన్‌ఎంసీ నియమావళి పేరు "ది కోడ్". ఇప్పుడున్నది 2015 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చింది, 2018లో కొద్దిగా మార్చారు. చిన్న పుస్తకమే, ఎన్‌ఎంసీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మనుషులకు మొదటి స్థానం ఇవ్వడం, పని సరిగ్గా చేయడం, భద్రత కాపాడటం, వృత్తి మీద నమ్మకం నిలబెట్టడం అని నాలుగు భాగాలు, వాటిలో మొత్తం 25 అంశాలు. ఇంటర్వ్యూ కోసం బట్టీ పట్టి మరిచిపోయినవాళ్లే ఎక్కువ. ఒక సెలవు రోజు కూర్చుని కనీసం ఆరు అంశాలు నెమ్మదిగా చదవండి: రికార్డుల గురించి 10, తప్పు జరిగితే దాపరికం లేకుండా చెప్పడం గురించి 14, ప్రమాదం కనబడితే గొంతు విప్పడం గురించి 16, ప్రవర్తన గురించి 20, డబ్బు, బహుమతుల గురించి 21, విచారణలకు సహకరించడం గురించి 23. రిజిస్టర్‌లో ఉన్న నర్సుల మీద వచ్చే ఆరోపణల్లో ఈ ఆరూ తరచూ కనబడతాయి.

ఏది మిస్‌కాండక్ట్, ఏది కాదు

మిస్‌కాండక్ట్ అంటే వృత్తిలో దుష్ప్రవర్తన. చట్టంలో దీనికి పెద్ద జాబితా ఏమీ లేదు. ఆ పరిస్థితిలో ఒక మంచి నర్సు చేయాల్సిన పనికి మీ పని, లేదా మీరు చేయకుండా వదిలేసిన పని, బాగా తక్కువగా ఉండాలి. ఆ లోటు తీవ్రమైనదై ఉండాలి. బ్రిస్టల్ ఆసుపత్రిలో పిల్లల గుండె ఆపరేషన్ల మరణాల వ్యవహారంలో రాయ్‌లాన్స్ అనే డాక్టర్ కేసులో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో ఇలాంటి అప్పీళ్లు విన్న న్యాయస్థానం) చెప్పిన ఈ కొలతనే ఇప్పటికీ ఎన్‌ఎంసీ విచారణ ప్యానెళ్లు వాడుతున్నాయి.

నైపుణ్యం చాలకపోవడం వేరే ఆరోపణ. అనారోగ్యం వేరు. క్రిమినల్ శిక్ష లేదా పోలీస్ కాషన్, ఇంగ్లీష్ సరిపోకపోవడం, మరో దేశపు లేదా మరో సంస్థ రెగ్యులేటర్ తీసుకున్న చర్య, ఇవన్నీ విడివిడి కారణాలు. మీకు ఉత్తరం వస్తే మొదట చూడాల్సింది మీ మీద ఏ కారణం పెట్టారన్నదే, ఎందుకంటే జవాబు దాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు, కేసు కేవలం నైపుణ్యం లేదా ఆరోగ్యం గురించే అయితే మొదటి విచారణలోనే రిజిస్టర్ నుంచి తీసేయడానికి వీల్లేదు. మిస్‌కాండక్ట్ అయితే ఆ రక్షణ ఉండదు.

ఒక్కసారి జరిగిన మందు పొరపాటు, వెంటనే చెప్పి, పేషెంట్‌ని చూసుకుని, దాని నుంచి నేర్చుకున్నట్టు కనబడితే, మామూలుగా ఆసుపత్రి స్థాయిలోనే ముగిసిపోతుంది. ఎన్‌ఎంసీ మార్గదర్శకాలే అలా చెబుతాయి. సరిదిద్దుకోవడం కష్టమని వాళ్లు భావించేవి వేరే ఉన్నాయి: నిజాయితీ లేకపోవడం, పేషెంట్‌తో హద్దు దాటిన సంబంధం, కొట్టడం, పెద్దవాళ్లను పిల్లలను నిర్లక్ష్యం చేయడం, జాతి మతం చూసి మనుషులను తక్కువ చేయడం.

సీడీ బుక్ దగ్గర

రోజువారీ పనిలో ఎక్కువ జాగ్రత్త ఎక్కడ కావాలని ఎవరైనా అడిగితే కంట్రోల్డ్ డ్రగ్స్ (సీడీ) కప్‌బోర్డు అని చెబుతాను. మార్ఫిన్‌లాంటి మందులు అందులో ఉంటాయి, వాటి లెక్క రాసే రిజిస్టరే సీడీ బుక్. ఒక సాయంత్రం షిఫ్ట్ ఊహించుకోండి. పేషెంట్‌కి మార్ఫిన్ 5 మిల్లీగ్రాములు రాశారు, యాంప్యూల్ 10 మిల్లీగ్రాములది. మీ తోటి నర్సు సిరంజిలోకి తీసుకుని బెడ్ దగ్గరికి వెళ్లిపోయింది. తిరిగొచ్చి, "ఒక్క సంతకం పెట్టు, మిగిలిన సగం సింక్ దగ్గర పారేశాను" అంటుంది. మంచి మనిషి, మీకు చాలాసార్లు సాయం చేసింది, కాదనడానికి మొహమాటం. మీరు సంతకం పెడతారు.

ఆ సంతకానికి అర్థం మీరు స్టాక్ లెక్క చూశారని, మందు తీయడం చూశారని, పేషెంట్‌కి ఇవ్వడం చూశారని, మిగిలిన 5 మిల్లీగ్రాములు పారేయడం మీ కళ్ల ముందు జరిగిందని. ఇవేవీ మీరు చూడలేదు. రేపు ఆడిట్‌లో మార్ఫిన్ తేడా వస్తే ఆ నర్సు మీద దొంగతనం ప్రశ్న, మీ మీద రికార్డు కల్పించారన్న ప్రశ్న వస్తాయి. "చూడలేదు కాబట్టి పెట్టలేను, సారీ, ఇన్‌ఛార్జ్‌కి చెబుదాం" అనండి. ఆ క్షణం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. తర్వాత మాత్రం ఇద్దరికీ అదే మేలు.

బుక్‌లో అంకె తప్పు పడితే కొట్టేయకూడదు, దిద్దకూడదు, వైట్‌నర్ అసలే వాడకూడదు. పక్కన లేదా కింద తేదీతో, సంతకంతో సవరణ నోట్ రాయాలి, రెండో నర్సు కూడా సంతకం పెట్టాలి.

ఛార్టులు, నోట్స్

మన దగ్గర చాలా వార్డుల్లో ఒక్క నర్సుకి ముప్పై నలభై మంది పేషెంట్లు ఉంటారు. వైటల్స్ అన్నీ ఒక్కసారి కూర్చుని నింపే అలవాటు అక్కడ ఆ ఒత్తిడిలో పుట్టింది. ఆ అలవాటు ఇక్కడికి రానివ్వకండి. తెల్లవారుజామున నాలుగింటికి తీయని బీపీని నాలుగింటికి తీసినట్టు రాయడం ఇక్కడ "పని ఒత్తిడి" కింద పోదు, కల్పించిన రికార్డు అవుతుంది. ఎలక్ట్రానిక్ సిస్టమ్‌లో మీరు ఏ నిమిషంలో టైప్ చేశారో కూడా నమోదవుతుంది. తీయలేకపోతే తీయలేదని రాయండి, ఎందుకో రాయండి, ఇన్‌ఛార్జ్‌కి చెప్పిన టైమ్ రాయండి.

ఆలస్యంగా రాయాల్సి వస్తే అది తప్పేం కాదు. ఇప్పుడు రాస్తున్న టైమ్, సంగతి జరిగిన టైమ్ రెండూ విడిగా కనబడాలి, అంతే. ఇలా:

"14:50. ఆలస్యంగా రాస్తున్న నోట్. 09:30కి ఇచ్చిన పారాసిటమాల్ 1 గ్రాము డోస్‌ను నేను ఛార్టులో గమనించలేదు. 12:40కి మళ్లీ 1 గ్రాము ఇచ్చాను. మధ్య 4 గంటలు పూర్తి కాలేదు. 12:55కి అబ్జర్వేషన్స్ తీశాను, న్యూస్ స్కోర్ 1. 13:00కి డాక్టర్‌కి, ఇన్‌ఛార్జ్‌కి చెప్పాను. 13:15కి పేషెంట్‌కి జరిగింది చెప్పి క్షమాపణ అడిగాను. డేటిక్స్ నమోదు చేశాను." కింద పేరు, హోదా, సంతకం. (న్యూస్ అంటే పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని చూపే స్కోర్, డేటిక్స్ అంటే జరిగిన సంఘటనలు నమోదు చేసే కంప్యూటర్ సిస్టమ్.)

ఇందులో సాకులు లేవు, ఇతరుల మీద నెట్టడం లేదు, కాలక్రమం స్పష్టంగా ఉంది. ఇలాంటి నోట్ ఏ విచారణలోనైనా మీ తరఫున మాట్లాడుతుంది.

డ్యూటీ బయట జారిపడే చోట్లు

షిఫ్ట్ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్ షీట్ చూడటానికి చిన్న కాగితం. దాని మీద పేషెంట్ల పేర్లు, వయసు, జబ్బు, రీససిటేషన్ నిర్ణయం (గుండె ఆగితే బతికించే ప్రయత్నం చేయాలా వద్దా అన్నది) అన్నీ ఉంటాయి. యూనిఫామ్ జేబులో ఇంటికొచ్చి బట్టల మెషీన్ పక్కన పడి ఉంటుంది. బస్సులో జారిపోతే ప్రైవసీ ఉల్లంఘన. షిఫ్ట్ అయిపోగానే వార్డులోని కాన్ఫిడెన్షియల్ డబ్బాలో వేసి బయటికి రావడం అలవాటు చేసుకోండి. లాకర్ దగ్గర చేయి జేబులోకి పోవాలి.

వాట్సాప్ గ్రూపుల సంగతి. తెలుగు నర్సుల గ్రూపులు చాలా మేలు చేస్తాయి, ఇల్లు వెతకడం నుంచి ఓఎస్‌సీఈ (రిజిస్ట్రేషన్ కోసం రాసే ప్రాక్టికల్ పరీక్ష) ప్రిపరేషన్ దాకా. అక్కడ గాయం ఫొటో పెట్టి "ఇది ఏ గ్రేడ్ అక్కా?" అని అడగకండి. ముఖం కనబడకపోయినా, పేరు లేకపోయినా అంతే. గాయాలు చూసే టిష్యూ వయబిలిటీ నర్సు ఉంటారు, వాళ్లని అడగండి. వార్డులో తీసిన రీల్స్‌లో వెనక వైట్‌బోర్డు కనబడితే చాలు, ఫిర్యాదు రావడానికి.

పేషెంట్ ముందు ఇద్దరు మన నర్సులు తెలుగులో మాట్లాడుకోవడం కూడా చిక్కే. ఆ పెద్దాయన తన గురించే ఏదో అంటున్నారనుకుంటాడు. పేషెంట్‌ని తిప్పుతున్నప్పుడు, కడుగుతున్నప్పుడు ఇంగ్లీష్‌లోనే మాట్లాడండి. బ్రేక్ రూమ్‌లో మీ ఇష్టం.

డబ్బు విషయంలో కోడ్ గట్టిగా ఉంటుంది. పేషెంట్ దగ్గర గానీ వాళ్ల కుటుంబం దగ్గర గానీ అప్పు అడగకూడదు, ఇస్తామన్నా తీసుకోకూడదు. చాక్లెట్ డబ్బా స్టాఫ్ అందరికీ ఇస్తే సరే, అయినా మీ సంస్థ పాలసీ చూసి రిజిస్టర్‌లో రాయించండి. నగదు, నగ వద్దు.

ఇక సిక్ లీవ్. ఒకచోట జీతంతో సిక్ లీవ్‌లో ఉండి అదే రోజు ఏజెన్సీ షిఫ్ట్ చేయడం వల్ల పిన్ పోగొట్టుకున్న నర్సుల తీర్పులు ఎన్‌ఎంసీ సైట్‌లో చాలా కనబడతాయి. ఇది నిజాయితీ ప్రశ్నగా వస్తుంది, కొన్నిసార్లు మోసం కేసుగా పోలీసు దాకా పోతుంది. అప్పులు, ఇంటికి పంపాల్సిన డబ్బు, ఇల్లు కట్టడం, ఆ ఒత్తిడి నాకు అర్థమవుతుంది. అయినా ఈ పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో చేయకండి. స్కిల్డ్ వర్కర్ వీసాలో అదనపు పనికి వారానికి 20 గంటల పరిమితి ఉందని కూడా గుర్తుంచుకోండి.

పొరపాటు జరిగిన పూట: ఏ వరసలో ఏం చేయాలి

మొదట పేషెంట్. అబ్జర్వేషన్స్ తీయండి, అవసరమైతే ఎమర్జెన్సీ టీమ్‌ను పిలవండి. మీ సంగతి తర్వాత.

రెండోది, డాక్టర్‌కి, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కి చెప్పండి. చెప్పిన టైమ్ నోట్ చేయండి. కేర్ హోమ్‌లో ఒక్కరే ఉంటే 111కి (వైద్య సలహా లైన్) గానీ 999కి (ఎమర్జెన్సీ) గానీ ఫోన్ చేసి, మేనేజర్‌ని నిద్రలేపండి. రాత్రి రెండింటికి మేనేజర్‌కి ఫోన్ చేస్తే కోప్పడతారేమోనని ఆగిపోవద్దు. పొద్దున్నే "ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న ఆ కోపం కంటే బరువైనది.

మూడోది, పేషెంట్‌కి లేదా కుటుంబానికి జరిగింది చెప్పి క్షమాపణ అడగండి. సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టు రాసుకుంటారని చాలామంది వెనకాడతారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2006 నాటి కాంపెన్సేషన్ చట్టం ప్రకారం క్షమాపణ ఒక్కటే నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదు. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో పేషెంట్లు పడ్డ నరకం మీద సర్ రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో నివేదిక ఇచ్చాక దాపరికం లేకుండా చెప్పడాన్ని సంస్థలకు చట్టబద్ధమైన బాధ్యతగా పెట్టారు. మీకు వ్యక్తిగతంగా అది కోడ్‌లోని 14వ అంశం. చెప్పే ముందు ఇన్‌ఛార్జ్‌తో మాట్లాడి, వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి.

నాలుగోది, నోట్స్ రాయండి, డేటిక్స్ లేదా మీ సంస్థ వాడే ఇన్సిడెంట్ ఫారం నింపండి. డేటిక్స్ అంటే మెమో అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది శిక్ష కాగితం కాదు. స్టాఫ్ తక్కువుంటే, కొత్త పంపు మీద ట్రైనింగ్ ఇవ్వకపోతే, ఒకే షెల్ఫ్‌లో ఒకేలాంటి రెండు మందులు పెట్టి ఉంటే అవన్నీ అందులోనే రాయాలి. మీ తరఫు సందర్భం ఆ రోజు రాసినదానికే విలువ, ఆరు నెలల తర్వాత విచారణలో మొదటిసారి చెబితే సాకులా వినబడుతుంది.

అదే రాత్రి ఇంటికెళ్లాక జరిగిన క్రమం గుర్తున్నంతవరకు మీ సొంత నోట్‌బుక్‌లో రాసి తేదీ వేయండి. పేషెంట్ పేరు, హాస్పిటల్ నంబరు మాత్రం అందులో రాయకండి. ఛార్టుల ఫొటోలు ఫోన్‌లో తీసుకోకండి, అది కొత్త కేసు.

మేనేజర్ విచారణకు పిలిస్తే

చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి, ముందుకు పోయేవి కూడా ఇక్కడ మీరు చెప్పిన మాటల మీదే నడుస్తాయి. కాబట్టి యూనియన్‌లో ముందే చేరి ఉండండి. ఆర్‌సీఎన్, యూనిసన్, యునైట్, ఏదైనా సరే. నెలకు కాస్త డబ్బు పోతుందని ఆగినవాళ్లు తర్వాత లాయర్‌కి వేల పౌండ్లు కట్టాల్సి వస్తుంది. సంఘటన జరిగాక చేరితే ఆ సంఘటనకు యూనియన్లు సాధారణంగా సాయం చేయవు.

మీటింగ్‌కి పిలిచిన ఉత్తరంలో ఆరోపణ ఏమిటో రాసి ఉండాలి. లేకపోతే అడగండి. డిసిప్లినరీ హియరింగ్‌కి యూనియన్ ప్రతినిధిని గానీ తోటి ఉద్యోగిని గానీ వెంట తీసుకెళ్లడం మీ చట్టబద్ధ హక్కు. "చిన్న మాట, ఒక్కదానివే రా" అంటే మర్యాదగా, "మా రెప్ దొరికే రోజు పెట్టండి" అని ఈమెయిల్ చేయండి.

మన వాళ్లలో ఒక అలవాటు ఇక్కడ చాలా నష్టం చేస్తుంది. పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడితే తల ఊపి, "యెస్, సారీ మేడమ్" అనేస్తాం. గొడవ సర్దుకుంటుందనుకుంటాం. ఇక్కడ ఆ "యెస్" మినిట్స్‌లో ఒప్పుకోలుగా పడుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి. మీరు చేసిన దాన్ని ఒప్పుకోండి, చేయనిదాన్ని శాంతి కోసం ఒప్పుకోకండి. మినిట్స్ చదవకుండా సంతకం పెట్టకండి, తప్పులుంటే రాతపూర్వకంగా చెప్పండి. మీ దగ్గర ఉండాల్సిన కాగితాలు ఇవ్వకపోతే సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ (మీ గురించి సంస్థ దగ్గరున్న సమాచారం ఇమ్మని అడిగే దరఖాస్తు) పెట్టొచ్చు, మామూలుగా నెలలోపు జవాబివ్వాలి.

భయపడి వెంటనే రాజీనామా చేయడం వల్ల ఏమీ ఆగదు. సంస్థ ఎన్‌ఎంసీకి పంపాలనుకుంటే మీరు వెళ్లిపోయాక కూడా పంపుతుంది. పైగా వీసా స్పాన్సర్‌షిప్ ఆగిపోతుంది, కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులే దొరుకుతాయి.

పోలీస్ స్టేషన్‌లో ఒక జాగ్రత్త

ఇంట్లో భార్యాభర్తల గొడవ, పొరుగువాళ్లతో గొడవ, షాపులో ఏదో అపార్థం. పోలీసులు తీసుకెళ్లి, "కాషన్ ఒప్పుకుంటే ఇప్పుడే ఇంటికి వెళ్లొచ్చు" అంటారు. పిల్లలు ఇంట్లో ఉన్నారని ఒప్పుకుంటారు. కాషన్ అంటే నేరం చేశానని ఒప్పుకోవడం. కోడ్‌లోని 23వ అంశం ప్రకారం కాషన్ అయినా, ఛార్జ్ అయినా వీలైనంత త్వరగా ఎన్‌ఎంసీకి, ఎంప్లాయర్‌కి చెప్పాలి. దాచితే అది రెండో కేసు, మొదటిదానికంటే పెద్దది. స్టేషన్‌లో ఉచితంగా సొలిసిటర్ (లాయర్) దొరుకుతారు, ఎంత ఆలస్యమైనా వాళ్లతో మాట్లాడాకే ఏదైనా ఒప్పుకోండి. మీరు నర్సని ఆ సొలిసిటర్‌కి చెప్పండి. పార్కింగ్ జరిమానాలాంటివి ఎన్‌ఎంసీకి చెప్పనక్కర్లేదు. తాగి బండి నడిపితే తప్పకుండా చెప్పాలి.

ఎన్‌ఎంసీ ఉత్తరం వస్తే

ఏడవండి, కాసేపు. తర్వాత ఇంట్లో ఎవరికైనా చెప్పండి. ఇది ఒంటరిగా మోసే బరువు కాదు. కేసు ముగియడానికి ఏడాది దాటడం మామూలే, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఎన్‌ఎంసీలో జాప్యం గురించి, లోపలి వాతావరణం గురించి నజీర్ అఫ్జల్ నాయకత్వంలో 2024 జూలైలో వచ్చిన స్వతంత్ర సమీక్ష గట్టిగానే విమర్శించింది. కాబట్టి ఆలస్యమైతే మీ కేసు అంత ఘోరమని అర్థం చేసుకోకండి. నిద్ర పట్టకపోతే జీపీని (మీ ఫ్యామిలీ డాక్టర్‌ని) కలవండి. ప్రాణం మీదికి ఆలోచన పోతే సమారిటన్స్ హెల్ప్‌లైన్ 116 123కి ఫోన్ చేయండి, ఏ టైమైనా ఎత్తుతారు.

ఉత్తరం వచ్చిన రోజే యూనియన్‌కి పంపండి. గడువులు క్యాలెండర్‌లో రాసుకోండి. ఎన్‌ఎంసీ మీ ఎంప్లాయర్ వివరాలు అడిగితే ఇవ్వాలి, ఏజెన్సీ అయినా బ్యాంక్ (ఆసుపత్రి సొంతంగా ఇచ్చే అదనపు షిఫ్టులు) అయినా ఏదీ వదిలేయకండి. యూనియన్ లాయర్ చూడకుండా "నేనేం తప్పు చేయలేదు, ఆ సిస్టర్‌కి నేనంటే పడదు" అని నాలుగు పేజీల ఈమెయిల్ కొట్టకండి. సాక్షులకు ఫోన్ చేసి "ఇలా చెప్పు" అని అసలే అనకండి.

మొదట స్క్రీనింగ్, అంటే ఫిర్యాదుల వడపోత. చాలా ఫిర్యాదులు అక్కడే మూసుకుపోతాయి. మిగిలినవి విచారణకు వెళ్తాయి, తర్వాత ఇద్దరు కేస్ ఎగ్జామినర్లు చూస్తారు, ఒకరు నర్సు, ఒకరు నర్సింగ్ వృత్తి బయటి మనిషి. వాళ్లు కేసు మూసేయొచ్చు, సలహా లేదా వార్నింగ్ ఇవ్వొచ్చు, కొన్ని షరతులకు మీరు ఒప్పుకుంటే దానితో ముగించొచ్చు, లేదా ప్యానెల్‌కి పంపొచ్చు.

ప్రమాదం ఎక్కువుందనుకుంటే మధ్యలోనే ఇంటరిమ్ ఆర్డర్ (తాత్కాలిక ఆదేశం) హియరింగ్ పెడతారు. నోటీసు తక్కువ రోజులే ఉంటుంది. దీన్ని వదిలేయకండి. అక్కడ ఆరోపణ నిజమా కాదా తేల్చరు, విచారణ ముగిసేదాకా మీరు పనిచేయొచ్చా, ఏ షరతులతో అన్నది చూస్తారు. ఆర్డర్ గరిష్ఠంగా 18 నెలలు ఉంటుంది, పొడిగించాలంటే ఎన్‌ఎంసీ హైకోర్టుకు వెళ్లాలి. పర్యవేక్షణలో పనిచేయడానికి మీ మేనేజర్ సిద్ధమని ఉత్తరం తెస్తే సస్పెన్షన్ బదులు షరతులతో పోయే అవకాశం పెరుగుతుంది. జీతం, వీసా రెండూ దాని మీదే ఆధారపడి ఉండొచ్చు.

రిఫ్లెక్షన్ ఎలా రాయాలి

రిఫ్లెక్షన్ అంటే జరిగినదాని నుంచి ఏం నేర్చుకున్నారో మీరు రాసి ఇచ్చేది. ప్యానెల్ చూసేది గతంలో ఏం జరిగిందన్నది మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇవాళ మీరు పేషెంట్ల దగ్గర ఉండటం సురక్షితమా, ప్రజలకు ఈ వృత్తి మీద నమ్మకం నిలుస్తుందా అన్నది అసలు ప్రశ్న. 2008లో కోహెన్ అనే డాక్టర్ కేసులో హైకోర్టు మూడు సంగతులు అడగాలంది: సరిదిద్దుకోగలిగిన తప్పేనా, సరిదిద్దుకున్నారా, మళ్లీ జరిగే అవకాశం బాగా తక్కువేనా. ఈ మూడింటికీ మీ రిఫ్లెక్షన్‌లో రుజువుతో జవాబుండాలి.

"ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది, ఇకపై జాగ్రత్తగా ఉంటాను" అని రాస్తే దానికి బరువు లేదు. "పేషెంట్ కూతురు ఆ రాత్రంతా భయపడి ఉంటుంది. నేను ఛార్టు చివరి పేజీ తిప్పలేదు. ఇప్పుడు మందు ఇచ్చే ముందు చివరి డోస్ టైమ్ పైకి చదివి, తర్వాతే ట్రాలీ తెరుస్తున్నాను. నా మెంటార్ గమనించిన షిఫ్టుల రికార్డు జతచేశాను" అని రాస్తే బరువుంటుంది. కోర్సు సర్టిఫికెట్లు పెట్టండి, కానీ కోర్సు వల్ల ఏ పని మారిందో రాయండి. ఆరోపణ తెలిసి కూడా మిమ్మల్ని సమర్థించే మేనేజర్ ఉత్తరం, ఏమీ తెలియని పది మంది స్నేహితుల ఉత్తరాల కంటే విలువైనది. ఇంటర్నెట్‌లోంచి, చాట్‌బాట్ నుంచి తీసి అతికించిన రిఫ్లెక్షన్‌ను మీ నోటితో వివరించలేరు, ప్యానెల్ రెండు ప్రశ్నలకే పసిగడుతుంది.

మీరు ఆరోపణను ఒప్పుకోకపోయినా రిఫ్లెక్షన్ రాయొచ్చు. అలాంటి పరిస్థితిలో పేషెంట్ మీద, తోటివాళ్ల మీద ఏ ప్రభావం పడుతుందో, మంచి పద్ధతి ఏమిటో రాయడం ఒప్పుకోలు కాదు.

హియరింగ్, తర్వాత

ముగ్గురు సభ్యులుంటారు. ఎన్నో హియరింగ్‌లు ఇప్పుడు వీడియోలో జరుగుతున్నాయి, కాబట్టి గది తలుపు వేసి, పిల్లలు రాకుండా చూసుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి కూర్చోండి. ఇంగ్లీష్‌లో మాట తడబడుతుందని భయమైతే నెమ్మదిగా మాట్లాడండి, ప్రశ్న మళ్లీ అడగమనండి, బ్రేక్ అడగండి. మొదట జరిగింది రుజువైందా చూస్తారు, క్రిమినల్ కోర్టంత గట్టి రుజువు అక్కర్లేదు, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. తర్వాత అది మిస్‌కాండక్టా, ఇప్పటికీ మీ ఫిట్‌నెస్ (నర్సుగా పనిచేయడానికి తగి ఉండటం) దెబ్బతిని ఉందా. చివర్లో శిక్ష. వెళ్లకుండా ఉంటే మీరు లేకుండానే నడిపి తీర్పు ఇవ్వగలరు.

శిక్షలు: ఏమీ వేయకపోవడం, 1 నుంచి 5 ఏళ్ల కాషన్ (పోలీసులది కాదు, ఎన్‌ఎంసీ ఇచ్చే హెచ్చరిక), 3 ఏళ్ల దాకా షరతులు, 12 నెలల దాకా సస్పెన్షన్, రిజిస్టర్ నుంచి తొలగింపు. తొలగిస్తే 5 ఏళ్ల దాకా తిరిగి చేర్చమని అడగలేరు. తీర్పు చేతికొచ్చాక అప్పీలుకు 28 రోజులే గడువు, ఇంగ్లండ్‌లో హైకోర్టుకు. ఈ గడువును పొడిగించడం దాదాపు అసాధ్యం, కాబట్టి తీర్పు వచ్చిన రోజే లాయర్‌తో మాట్లాడండి. శిక్ష మరీ తక్కువనిపిస్తే ఎన్‌ఎంసీలాంటి సంస్థల మీద పర్యవేక్షణ చేసే ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ కూడా కోర్టుకు వెళ్లగలదు.

ఇక్కడి నుంచి ఆస్ట్రేలియాకో, గల్ఫ్‌కో, తిరిగి హైదరాబాద్, విజయవాడకో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. కొత్త దేశపు కౌన్సిల్ మీరు ఇదివరకు నమోదైన ప్రతి కౌన్సిల్ నుంచీ గుడ్ స్టాండింగ్ (మీ మీద ఏ సమస్యా లేదన్న ధ్రువపత్రం) లేదా వెరిఫికేషన్ అడుగుతుంది. అప్లికేషన్‌లో "మీ మీద ఎప్పుడైనా చర్య తీసుకున్నారా, విచారణ నడుస్తోందా" అన్న గడి ఉంటుంది. నడుస్తున్న విచారణ అయినా అవుననే రాయండి, పక్కన రెండు వాక్యాల వివరణ, కేసు స్థితి, మీ రిఫ్లెక్షన్ జతచేయండి. షరతులు పూర్తి చేసుకున్న నర్సులను తీసుకునే కౌన్సిళ్లు ఉన్నాయి. ఆ గడిలో అబద్ధం రాస్తే మాత్రం అక్కడి రిజిస్ట్రేషన్‌తో పాటు ఇక్కడి పిన్ మీద కూడా కొత్త ఫైల్ తెరుచుకుంటుంది.